చార్టులో లేని మొహాలు

(విశాఖపట్నంలో అంగన్‌వాడీ, ప్లేస్కూలు టీచర్లు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ పక్కన కూర్చున్నవాళ్ళ వైపు తిరగండి. నేను పది లెక్కపెట్టేదాకా వాళ్ళ మొహంలోకి చూడండి. మాట్లాడకూడదు. ఊఁ, ఒకటి, రెండు...

(నవ్వులు)

నాలుగు దాకా కూడా రాలేదు! ఒకావిడ కొంగు సర్దుకున్నారు, ఒకాయన ఫోను తీశారు, వెనక వరసలో ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టేసుకున్నారు. అదే సిటీ బస్సులో చూడండి. ముందు సీట్లో తల్లి భుజం మీద ఒక చంటిది ఉంటుంది. గాజువాకలో మొదలుపెడితే జగదాంబ జంక్షన్ దాకా మన మొహమే చూస్తుంది. మొహమాటం లేదు. మనం కాస్త కనుబొమలెత్తితే తనూ ఎత్తుతుంది.

పుట్టిన బిడ్డకి దూరంగా ఉన్నవి సరిగా కనపడవు. ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉన్నది కాస్త తెలుస్తుంది. ఒళ్ళో పడుకుని పాలు తాగే బిడ్డ కళ్ళకీ, అమ్మ మొహానికీ మధ్య దూరం దాదాపు అంతే. అంటే వాళ్ళ మొదటి పాఠ్యపుస్తకం ఆ మొహమే. మూడేళ్ళప్పుడు మన దగ్గరికి వచ్చేసరికి ఆ పుస్తకాన్ని మూడేళ్ళుగా చదువుతున్నారు. మరి మనం కొత్తగా నేర్పేదేముంది? మాట. లోపల జరుగుతున్నదానికి ఒక మాట అందిస్తే, రేపు కొరకడం మానేసి ఆ మాట అంటారు. నాకు తెలిసినంతలో మన పని ఇంతే. శిక్షణ కాగితాల్లో 'భావోద్వేగ వికాసం' అని రాస్తారు చూడండి, అంత బరువైన మాట అక్కర్లేదు.

అయితే ఏ మాట అందించాలి? ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పూర్ణామార్కెట్ వైపు వెళ్ళి ఒక చార్టు కొన్నాను. ఆరు గుండ్రటి పసుపుపచ్చ మొహాలు. కింద హ్యాపీ, శాడ్, యాంగ్రీ, అలా ఆరు పేర్లు. గోడకి అంటించి, రోజూ పొద్దున్న ఒక్కొక్కరూ వచ్చి 'ఈరోజు నా మొహం ఇది' అని చూపించాలని పెట్టాను. అందరూ హ్యాపీ మీదే వేలు పెట్టేవాళ్ళు. ఎంత బాగుందో అనుకునేదాన్ని. చాలా రోజులకి అర్థమైంది, హ్యాపీ మీద వేలు పెడితే నేను 'వెరీగుడ్' అంటున్నాను, అందుకని పెడుతున్నారు.

ఒకరోజు ఒక నాలుగేళ్ళవాడు మూతి మూరెడు చేసుకుని వచ్చాడు. చెల్లికి కొత్త చెప్పులు కొన్నారట, వీడికి కొనలేదట. చార్టు దగ్గరికి తీసుకెళ్ళి 'ఇందులో నీ మొహం ఏదిరా?' అన్నాను. ఆరింటినీ బుద్ధిగా చూశాడు. చూసి, చార్టు పక్కన ఖాళీ గోడ మీద వేలు పెట్టాడు. వాళ్ళమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. పెదజాలారిపేట మనిషి. నవ్వి, 'మా గుంటడు అలిగాడు టీచరమ్మా' అంది.

అలక! నేను పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. చార్టులో లేదని నాకు గుర్తే రాలేదు.

అలిగిన పిల్లాణ్ణి మీరు ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? మూలకి వెళ్తాడు. ఏ మూలకి? మనకి కనపడే మూలకి. వీపు మనవైపు తిప్పుతాడు, చెవి మాత్రం ఇటే ఉంటుంది. అన్నం వద్దంటాడు, కంచం తీసేస్తే గొల్లుమంటాడు. కోపం వచ్చినవాణ్ణి కాసేపు వదిలేయొచ్చు. అలిగినవాణ్ణి వదిలేస్తే అంతకంటే అన్యాయం ఇంకోటి లేదు, ఎందుకంటే బతిమాలించుకోవడం అలకలో సగం. సత్యభామ అలకని తరతరాలుగా ఆడుకుని పాడుకున్నవాళ్ళం, మనకి ఒకరు చెప్పాలా? ఆ పిల్లాణ్ణి నేను శాడ్‌లోకో యాంగ్రీలోకో నెట్టబోయాను. శాడ్ అనుకుంటే ఓదార్చేదాన్ని, యాంగ్రీ అనుకుంటే మందలించేదాన్ని. రెండూ వాడికి పనికొచ్చేవి కావు.

ఆ ఆరు మొహాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా రెండు ముక్కల్లో చెప్తాను. 1960ల చివర్లో పాల్ ఎక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పపువా న్యూగినీ కొండల్లో ఫోరే అనే తెగవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. చిన్న చిన్న కథలు చెప్పి, ఈ కథకి తగ్గ మొహం ఏదో ఫొటోల్లో చూపించమన్నాడు. చాలావరకు అమెరికా వాళ్ళు చూపించినవే వాళ్ళూ చూపించారు. కొన్ని మొహాలు ప్రపంచమంతటా ఒకటే అన్న మాట అలా బలపడింది. దాన్ని గట్టిగా ప్రశ్నించినవాళ్ళూ ఉన్నారు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి 2019లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చాలా ముందేసుకుని చూసి, కోపం వచ్చిన ప్రతివాళ్ళూ కనుబొమలు ముడవరు, ముడిచిన ప్రతివాళ్ళకీ కోపం ఉండదు అన్నారు. నిజమే కదా! మా ఆయన పొద్దున్నే పేపరు చదివేటప్పుడు ఆ మొహం చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. కళ్ళజోడు పవరు మారింది, అంతే.

చార్టు పెట్టుకోండి, వద్దనను. దాని పక్కన గోడ కాస్త ఖాళీగా ఉంచండి.

చార్టులో లేని ఇంకో మాట బెంగ. జూన్‌లో వచ్చిన కొత్త పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి వారం తిరిగేలోపు ఒళ్ళు వెచ్చబడుతుంది. 'బెంగ పెట్టుకుంది' అంటాం. దాన్ని శాడ్ అంటే సరిపోదు, ఎందుకంటే బెంగకి ఎప్పుడూ ఒక మనిషి ఉంటారు. అందుకని నేను 'ఎందుకేడుస్తున్నావు' అని అడగడం మానేశాను. 'ఎవరి మీద బెంగ?' అని అడుగుతాను. 'అమ్మమ్మ' అంటుంది. 'అమ్మమ్మ ఇప్పుడేం చేస్తుంటుందో?' అంటే, 'కూరలు తరుగుతుంది' అని కళ్ళు తుడుచుకుంటూ మొదలుపెడుతుంది. అక్కణ్ణుంచి ఏ కూర, ఎవరికి వండుతోంది, అలా ఓ పది నిమిషాలు. ఏడుపు మధ్యలో ఎక్కడ ఆగిందో తనకీ తెలియదు. (జ్వరం నిజంగా జ్వరమేమో కూడా చూసుకోండి. అన్నీ బెంగ మీదకి తోసేయకూడదు.)

ఇంకో సంగతి. మనవాళ్ళు మనసులో ఉన్నదాన్ని మొహం మీద పెట్టే చెప్తారు. మొహం చిన్నబుచ్చుకుంది. మూతి ముడుచుకున్నాడు. బుంగమూతి పెట్టింది. నోరు వెళ్ళబెట్టాడు. మొహం మాడ్చుకుంది. మొహం చాటేశాడు. మొహం వెలిగిపోయింది. వీటిలో ఒక్కదానికీ బొమ్మ అక్కర్లేదు, మాటలోనే బొమ్మ ఉంది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి 'అందరూ బుంగమూతి పెట్టండి' అనండి చాలు. ఇరవైమంది బుగ్గల్లో గాలి నింపుకుని కూర్చుంటారు, పక్కవాడు వేలితో పొడుస్తాడు, తుస్సుమంటుంది. అర నిమిషం కూడా ఎవరూ నిలబెట్టలేరు. 'మాడిన అట్టులా మొహం పెట్టకు' అని నేనంటే ఒక పాప 'అట్టుకి మొహం ఎక్కడుంటుంది?' అని అడిగింది. మర్నాడు అట్టుకి మొహం చేశాం. క్యారెట్ ముక్కలు కళ్ళు, కొత్తిమీర జుట్టు. ఆ రోజు ఎవరూ పారేయకుండా తిన్నారు.

ఇక అద్దం. మనం అద్దాన్ని మన ఎత్తులో తగిలించి పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తాం. కిందకి దించండి. వాళ్ళు నేల మీద కూర్చుంటే మొహం కనపడాలి. గాజుది వద్దు, అక్రిలిక్ షీటు దొరుకుతుంది. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేసింది. చిన్నపిల్లల ముక్కుకి వాళ్ళకి తెలియకుండా రంగు పూసి అద్దం ముందు కూర్చోబెట్టింది. ఏడాది లోపు పిల్లలు అద్దంలో వేరే పిల్ల ఉందనుకుని ఆడుకున్నారు. ఏడాదిన్నర దాటి రెండేళ్ళకి దగ్గరపడ్డవాళ్ళు మాత్రం తమ ముక్కే తడుముకున్నారు. మీ ఇంట్లో కుంకుమతో చేసి చూడండి. బుగ్గ మీద దిష్టిచుక్క మాత్రం పనికిరాదు, దానికి పుట్టినప్పటి నుంచి అలవాటు పడిపోయి ఉంటారు.

అద్దం ముందు కూర్చోబెట్టి 'నవ్వు, నవ్వు' అనకండి. మొదటి వారం తడిగుడ్డతో మొహం తుడుచుకోనివ్వండి. నాలుక చాపుకోనివ్వండి. తన ఊపిరితో అద్దం మసకబారడం చూడనివ్వండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఒక స్టీలు పళ్ళెం, రెండు సీసా మూతలు, ఒక ఆకు, మూడు చీపురు పుల్లలు. మూతలు కళ్ళు, ఆకు ముక్కు, ఒక పుల్ల నోరు. మిగతా రెండు పుల్లలూ కనుబొమలు. నోటిని కదపొద్దు, కళ్ళు కదపొద్దు, కనుబొమలు మాత్రమే కదపండి. రెండు పుల్లల లోపలి కొసలు ముక్కు వైపు కిందకి దింపితే కోపం. అవే కొసలు పైకి లేపితే జాలి. రెండూ ఎత్తి నుదుటి మీదకి జరిపితే ఆశ్చర్యం. ఒకటి ఎత్తి ఒకటి దించితే మా క్లాసులో ఒకడు 'మా పెద్దమ్మ' అన్నాడు. (నవ్వులు) వాళ్ళ పెద్దమ్మని చూశాక వాడి మాట ఒప్పుకున్నాను.

మీరు చెప్పేయకండి, అదొక్కటే నా షరతు. 'ఇలా పెడితే కోపం' అని టీచరు చెప్పిన క్షణం ఆట అయిపోయింది, పాఠం మొదలైంది. పుల్లలు చేతికిచ్చి పక్కన కూర్చోండి. పుల్ల కాస్త జరగ్గానే పళ్ళెం తన వైపు కోపంగా చూస్తోందని పిల్లకి తట్టినప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి.

శనగలు, చింతగింజలు, పూసలు మాత్రం మూడేళ్ళ పిల్లల ముందు పెట్టకండి. మొహం చేయమంటే, నా దగ్గర ఒక పాప శనగగింజని పళ్ళెంలో ముక్కు దగ్గర పెట్టకుండా తన ముక్కులో పెట్టుకుంది. ఆ సాయంత్రం నేను పడ్డ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. అప్పట్నుంచి మా దగ్గర సీసా మూత కంటే చిన్న వస్తువు లేదు. పుల్లలూ కొసలు విరిచేసినవే, అవీ మనం పక్కన ఉన్నప్పుడే.

బొమ్మలు గీసేటప్పుడు ఇంకోటి చూస్తారు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు మనిషిని గీస్తే ఒక పెద్ద తలకాయ, దానికి నేరుగా రెండు కాళ్ళు. పొట్ట లేదు, మెడ లేదు. దేశదేశాల పిల్లలూ ఇలాగే గీస్తారు. దిద్దకండి. వాళ్ళ లెక్కలో మనిషంటే మొహమే, నడవాలి కాబట్టి కాళ్ళు.

ఏటికొప్పాక బొమ్మలు మనకి పక్కనే దొరుకుతాయి. అంకుడు కర్ర, లక్క రంగులు. కొనేటప్పుడు ఆ రాజు రాణి బొమ్మల మొహాలు గమనించండి. నవ్వీ నవ్వనట్టు ఉంటాయి. రెండు చుక్కలు, ఒక గీత. పిల్లలకి అదే కావాలి. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే ప్లాస్టిక్ బొమ్మ ఏడవమన్నా ఏడవలేదు. ఈ రాణికి పొద్దున్న జ్వరం వస్తుంది, మధ్యాహ్నం రాజుతో పోట్లాట, సాయంత్రం బీచికి షికారు. అన్నీ ఆ ఒక్క మొహంతోనే.

వార్షికోత్సవానికి నవరసాలు నేర్పించమని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. నాకు ఇష్టం ఉండదు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పినవి ఎనిమిది, శాంతం తర్వాత చేరింది. కూచిపూడి నేర్చుకునేవాళ్ళు వాటి మీద ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. అది చూసేవాళ్ళ కోసం చేసే కళ. నాలుగేళ్ళ పిల్ల మొహాన్ని అప్పుడే ఎవరో చూడ్డానికి తయారుచేయడం ఎందుకు? స్టేజీ పక్కన నిలబడి 'స్మైల్, స్మైల్' అని అరిచే టీచర్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను లెండి.

భయం దగ్గర కాసేపు ఆగుతాను. 2014 అక్టోబరు 12. ఈ ఊళ్ళో వాళ్ళకి ఆ తేదీ చెప్తే చాలు, తుఫాను పేరు చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ వెళ్ళిపోయి సెంటరు మళ్ళీ తెరిచాక, పిల్లలు కొత్త ఆట మొదలుపెట్టారు. బ్లాకులతో ఇల్లు కట్టడం, ఒకడు హోరుమని ఊదుతూ వచ్చి దాన్ని పడగొట్టడం. మళ్ళీ కట్టడం, మళ్ళీ పడగొట్టడం. నాకే గుండె దడగా ఉంది, ఆట ఆపించేశాను. 'గాలి పోయింది, ఇంక భయమేం లేదు' అన్నాను. ఒక పాప నా వైపు తేరిపార చూసి, 'మా రేకు ఎగిరిపోయింది' అంది.

ఇంటి పైకప్పు రేకు లేచిపోవడం కళ్ళారా చూసిన పిల్లకి నేను భయమేం లేదని చెప్తున్నాను! తనకి లోపల ఉన్నది లేదంటున్నాను. ఇంక ఆ పిల్ల నా మాట ఎందుకు నమ్మాలి? ఆ రోజు నుంచి 'భయమేం లేదు' అన్న మాట నోట్లోంచి తీసేశాను. 'భయమేసింది కదా' అంటాను. 'ఎక్కడ తెలిసింది, పొట్టలోనా, కాళ్ళలోనా?' అని అడుగుతాను. 'ఇప్పుడు గాలి ఆగింది, నేను నీ పక్కనే ఉన్నాను' అంటాను. ఆట కూడా ఆపడం మానేశాను. కొన్నాళ్ళకి వాళ్ళే ఆపేశారు. చివరిరోజుల్లో గాలిగా వచ్చినవాడే ఇల్లు కట్టడానికి సాయం చేసేవాడు.

మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు కడుతూనే ఉన్నారు, ప్రతిదానికీ ఒక దిష్టి గుమ్మడికాయ. కోరలు, వేలాడే నాలుక. పిల్లలు అది చూసి తల్లి చున్నీలో దాక్కుంటారు. ఓసారి కాగితం ప్లేట్లు, నల్లరంగు, ఎర్రరంగు ఇచ్చి 'మీరే చేయండి, నన్ను భయపెట్టాలి' అన్నాను. ఇరవై దిష్టి మొహాలు. నేను నిజంగానే కెవ్వుమన్నాను. ఎంత సంతోషించారో! భయపడేవాడు భయపెట్టేవాడయ్యాడు మరి.

మొహాల ఆటల్లో 'ఇది కరెక్టు, ఇది తప్పు' అని పెట్టొద్దు అంటాను నేను. ఆర్కే బీచికి ఒక బ్యాచ్‌ని తీసుకెళ్ళండి. ఒకే అల వస్తుంది. ఒకడు ఎగిరి గంతేస్తాడు, ఒకడు ఆయా కాళ్ళు పట్టుకుంటాడు. జాలరి ఇంటి పిల్ల అసలు పట్టించుకోదు, తనకి అది ఇంటి ముందు రోడ్డులాంటిది. ఓసారి క్లాసులో 'సముద్రం అంటే ఏం గుర్తొస్తుంది' అన్నాను. ఇసుక, ఐస్‌క్రీమ్, మొక్కజొన్న పొత్తు, గుర్రం అన్నారు. ఒక పిల్లాడు 'నాన్న' అన్నాడు. వేటకి వెళ్ళిన పడవ ఇంకా రాలేదు. ఆ మొహం నవ్వూ కాదు, ఏడుపూ కాదు. ఒకేసారి రెండు రకాలుగా ఉండటాన్ని మాటల్లో చెప్పడం పిల్లలకి ఏడెనిమిదేళ్ళ దాకా కష్టమని పరిశోధకులు అంటారు. చెప్పలేరు సరే. మొహం మీద మాత్రం రెండూ కలిసే ఉంటాయి. నాకు ఏ మాట అందించాలో తెలియలేదు. 'ఎదురుచూస్తున్నావు' అన్నాను. తల ఊపాడు.

ఇంతసేపూ పిల్లల మొహాల గురించి చెప్పాను. మన మొహం మాటేమిటి?

ఒక ప్రయోగం ఉంది. ఒక బల్ల. సగం దాకా గళ్ళ గుడ్డ పరిచి ఉంటుంది. మిగతా సగం కింద గొయ్యిలా కనపడుతుంది, పైన గట్టి గాజు ఉంటుంది కాబట్టి పడే ప్రమాదం లేదు. ఇటు ఏడాది పిల్ల, అటు తల్లి. 1985లో వచ్చిన పరిశోధనలో, పిల్లలు అంచు దాకా పాకి ఆగి తల్లి మొహం వైపు చూశారు. తల్లి సంతోషంగా మొహం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది గాజు దాటి వచ్చేశారు. భయంగా పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. నోటితో ఎవరూ ఏమీ అనలేదు.

జూన్‌లో మన గేటు దగ్గర జరిగేది ఇదే. పిల్ల గడప మీద ఆగి తల్లి మొహం చూస్తుంది. తల్లి కళ్ళలో అప్పటికే నీళ్ళు. ఇంక పిల్ల ఎలా దాటుతుంది? అందుకే నా మొదటి యాక్టివిటీ పిల్లలకి కాదు, అమ్మలకి. స్కూలు తెరవడానికి ముందు పిలిచి కూర్చోబెట్టి, గేటు దగ్గర ఎలా నిలబడాలో చేయించి చూపిస్తాను. ఏడవాలనిపిస్తే సందు మలుపు తిరిగాక ఏడవండమ్మా అంటాను. నవ్వుతారు గానీ పనిచేస్తుంది.

అలాగే, 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఒకటుంది. పాపతో ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి మొహంలో ఏ కదలికా లేకుండా కూర్చుంటుంది. పాప నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కూతలు పెడుతుంది, చివరికి ఏడుస్తుంది. అంతా కొద్ది నిమిషాల్లోనే. ఇప్పుడు నేను ఫోను చూసేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఆలోచిస్తే భయమేస్తుంది. మనకి యాప్‌లో ఎంట్రీలు తప్పవు, నాకు తెలుసు. నేను చేసేదేమిటంటే, 'ఇప్పుడు టీచరు లెక్కలు రాసుకుంటుంది, మొహం ఇలా ఉంటుంది, మీ మీద కోపం కాదు' అని ముందే చెప్పేస్తాను. ఒకసారి ఒకడు వచ్చి నా భుజం తట్టి, 'టీచర్, లెక్కలు అయిపోయాయి, ఇంకా అలాగే ఉన్నావు' అన్నాడు.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను. కొందరు పిల్లలు మొహంలోకి చూడరు. గడ్డం పట్టుకుని ఇటు తిప్పకండి. చూడకపోయినా వింటూ ఉండొచ్చు. పేరు పిలిస్తే పలకకపోవడం, వేలితో చూపించకపోవడం, మాట ఆలస్యం కావడం కూడా ఉంటే తల్లిదండ్రులకి నెమ్మదిగా, నలుగురిలో కాకుండా చెప్పండి. అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే బృందం, అదే పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకంవాళ్ళు, పరీక్షలకి వస్తుంది కదా, వాళ్ళకి చూపించండి. పేరు మీరు పెట్టకండి, అది డాక్టర్ల పని.

టీ వచ్చినట్టుంది. పళ్ళేలు తెమ్మన్నాను, ఎంతమంది తెచ్చారు? ఆరుగురేనా! సరే, ముగ్గురికి ఒకటి. చీపురు పుల్లలు నా సంచిలో ఉన్నాయి. టీ తాగి నేల మీద కూర్చోండి, కుర్చీలు వద్దు. వెనక వరసలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఇద్దరూ ముందుకి రావాలి.